అర షిఫ్టు ఎవరడిగారు?

"చెయ్యి తియ్ రా! ముసలిదాని మీంచి చెయ్యి తియ్!"

కోడలి కేక లాండ్రీ షెడ్డులో ఇస్త్రీ రోలరు మిషన్ల రొదను చీల్చుకుంటూ వెళ్లింది. ఆఫీసు మెట్ల మీద ఇద్దరు గార్డులు అత్తని చెరో రెక్కా పట్టుకుని కిందికి ఈడుస్తున్నారు. అత్త ఏడవడం లేదు, శాపనార్థాలు పెట్టడం లేదు. మెట్ల పక్క ఇనుప కమ్మీని రెండు చేతులా కరుచుకుని ఉడుంపట్టు పట్టింది. ఏళ్ల తరబడి బట్టలుతికే సోడా నీళ్లలో నాని, ఆవిరికి కాలి, గోళ్లు అరిగిపోయిన చేతులవి. గార్డు ఒక్కో వేలూ విడదీస్తుంటే అరచేతి తోలు కమ్మీకే అంటుకుని లేచింది.

కోడలు చేతిలో ఉన్న తడి దుప్పటిని ముద్దగా చుట్టి, పెద్ద గార్డు మొహాన విసిరి కొట్టింది. వాడు తుళ్లిపడి వెనక్కి తగ్గాడు. రెండోవాడు ఆమె వెనక చూశాడు. మడత బల్లల దగ్గర్నుంచి ఆడవాళ్లు, ఉతికే డ్రమ్ముల దగ్గర్నుంచి మగవాళ్లు వస్తున్నారు. వాడు తనంతట తనే చెయ్యి వదిలేశాడు.

"ఏమైందత్తా?"

అత్త మెట్టు మీద కూలబడి అరచేతులు చూసుకుంది. "పెన్షన్ లేదంట కోడలా."

ఆ లాండ్రీ ఏదో చిన్న ఇస్త్రీ కొట్టు కాదు. ఊళ్లో ఉన్న పెద్ద హోటళ్లన్నిటి దుప్పట్లూ ఇక్కడికే వస్తాయి. ఇక్కడ ఉతికి, రోలరు కింద ఇస్త్రీ చేసి, మడతపెట్టి పంపిస్తారు. తాము జన్మలో పడుకోని పరుపుల కోసం ఇక్కడి జనం జన్మంతా ఖర్చు పెడతారు. అందులో అత్త అందరికంటే పాతది. కోడలికి సొంత అత్త, మిగతావాళ్లకి పిలుపుకి అత్త. ఆ రోజుతో ఆమెకు రిటైర్మెంటు వయసు నిండింది. రోలరు తుడిచి, తోటివాళ్ల దగ్గర సెలవు తీసుకుని, పెన్షన్ సంగతి కనుక్కుందామని మెట్లెక్కింది. దిగేటప్పుడు గార్డులు దింపారు.

పైన గాజు తలుపు తెరుచుకుంది. మేనేజరు బయటికొచ్చి, చొక్కా చేతులు సర్దుకున్నాడు.

"ఇందులో గొడవేం లేదమ్మా. కంపెనీ పెన్షన్ రావాలంటే ఇరవయ్యేళ్ల సర్వీసు నిండాలి. ఈవిడకి నిండలేదు."

"నిండకపోవడమేంటి?" కోడలు మండిపడింది. "ఈ లాండ్రీ తలుపు తెరిచిన రోజు లోపలికొచ్చిన మనిషి! అప్పటికి మీరు నిక్కరేసుకుని బడికెళ్తుంటారు!"

"వచ్చింది. కాదన్లేదు. కానీ చివరి నాలుగేళ్లూ అర షిఫ్టు కదా? అర షిఫ్టులో ఏడాది చేస్తే సర్వీసులో అర ఏడాదే పడుతుంది. రూలు నేను రాయలేదు."

అత్త తలెత్తి పైకి చూసింది. నవ్విందో ఏడ్చిందో ఎవరికీ అర్థం కాలేదు.

"అయితే బాబూ, ఆ నాలుగేళ్లూ నా వయసు కూడా సగమే పెరగాలిగా! వయసేమో నిండుగా లెక్కేసి ఇంటికి పొమ్మంటివి, పనేమో సగం లెక్కేసి ఒట్టి చేతుల్తో పొమ్మంటివి. ఏ బళ్లో నేర్పారయ్యా నీకీ లెక్క?"

జనంలో ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఎందుకంటే అప్పటికి ఒక్కొక్కరి బుర్రలో ఒకటే ప్రశ్న పురుగులా తొలుస్తోంది. మరి నా సంగతి?

షెడ్డులో అందరిదీ అర షిఫ్టే. ఉదయం సగం మంది, మధ్యాహ్నం సగం మంది. పేరుకి అర షిఫ్టు. పని తగ్గిందా అంటే, ఒక్క దుప్పటీ తగ్గలేదు. ఇదివరకు రోజంతా తీరిగ్గా చేసిన పనిని ఇప్పుడు ఒక పూటలో పరుగులు పెడుతూ చేస్తున్నారు. నీళ్లు తాగడానికి ఆగితే రోలరు ముందు దుప్పట్లు గుట్టపడతాయి. జీతం మాత్రం సగం. ఇప్పుడు సర్వీసూ సగమని తేలింది.

అది రెండు పూటల వాళ్లూ ఎదురుపడే వేళ. ఉదయంవాళ్లు దిగుతున్నారు, మధ్యాహ్నంవాళ్లు ఎక్కుతున్నారు. అదీ మేనేజరు చేసిన పొరపాటు. ముసలిదాన్ని మరో గంటాగి గెంటిస్తే చూసేవాళ్లు సగమే ఉండేవాళ్లు.

రోలరు దగ్గరుండే, అందరూ కళ్లజోడని పిలిచే ఆవిడ వెళ్లి మీట కిందికి లాగింది. రోలరు మూలిగి ఆగింది. తర్వాత డ్రమ్ములు ఆగాయి. ఆవిరి గొట్టాలు బుసకొట్టి చల్లారాయి. అంత పెద్ద షెడ్డులో అంత నిశ్శబ్దం ఎవరూ ఎప్పుడూ విని ఎరగరు.

"పెన్షన్ తేలేదాకా ఒక్క దుప్పటి కదలదు," అంది కోడలు.

మేనేజరు లోపలికెళ్లి గడియ పెట్టుకున్నాడు. గాజు వెనక ఫోను చెవికి పెట్టుకోవడం అందరికీ కనిపించింది.

కాసేపటికి గేటు దగ్గర పోలీసు జీపు ఆగింది. దాని వెనకే లేబర్ ఆఫీసరు కారు. ఆఫీసరు నడివయసు మనిషి, చిరాకు మొహం. మడత బల్లల మధ్య కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మేనేజరు దిగొచ్చి పక్కన నిలబడ్డాడు.

"నేను సూటిగా చెప్తాను," అన్నాడు ఆఫీసరు. "యాజమాన్యం తనంతట తాను షిఫ్టు తగ్గిస్తే, ఆ ఏళ్లు నిండు సర్వీసుగానే లెక్కెయ్యాలి. ఈవిడకీ పెన్షన్ వస్తుంది, మీకందరికీ వస్తుంది. అదే పనివాళ్లు కావాలని అడిగి తగ్గించుకుంటే సగమే. కాబట్టి తేలాల్సింది ఒక్కటే. అర షిఫ్టు ఎవరడిగారు?"

"వాళ్లే అడిగారు సార్," అన్నాడు మేనేజరు. "అందరూ చేతులెత్తి మరీ అడిగారు. నేను వద్దు, ఆలోచించుకోండి అని కూడా అన్నాను. ఏమ్మా, అబద్ధమా?"

అబద్ధం కాదు. అదే ఘోరం. ప్రతి మనిషికీ ఆ రోజు తను ఎత్తిన చెయ్యి గుర్తొచ్చింది.

అప్పట్లో సగం మందిని తీసేస్తారని ఒకటే పుకారు. ఎవరి మెడ మీద కత్తి పడుతుందోనని తిండి సయించని రోజులు. అప్పుడు వచ్చిందా ఆలోచన. ఒకరిని బయటికి పంపి ఒకరం తినడమేంటి, ఉన్న ముద్ద పంచుకు తిన్నట్టు ఉన్న పనే పంచుకుందాం. అందరం అర షిఫ్టు చేద్దాం, ఎవరూ పోవద్దు. ఎంత గొప్పగా అనిపించిందో ఆ మాట! చేతులెత్తాక కావలించుకుని ఏడ్చారు కూడా.

"ఆ తీర్మానం పెట్టింది మైకన్న!" ఒక గొంతు లేచింది.

మైకన్న యూనియన్ నాయకుడు. డ్రమ్ముల దగ్గర పని. అతను మాట్లాడితే మైకు అక్కర్లేదు కాబట్టి ఆ పేరు. నిమిషంలో అందరి చూపులూ అతని మీద పడ్డాయి.

"అమ్ముడుపోయావా అన్నా? ఎంతకి?"

"పంచె ఊడదీసి అడగండే, చెప్తాడు!"

జనం ముందుకు తోసుకొచ్చారు. ఎవరో మైకన్న చొక్కా పట్టుకున్నారు. జీపులో వచ్చిన ఇన్‌స్పెక్టరు లాఠీ సవరించుకుని చోద్యం చూస్తున్నాడు. వాళ్లలో వాళ్లు కొట్టుకుంటే ఆయనకి పని తగ్గుతుంది.

"నేనా?" మైకన్న గొంతు మొదటిసారి కీచుగా వచ్చింది. "నేనా అమ్మా అమ్ముడుపోయింది? పంచుకుందాం పంచుకుందాం అని మీరే కదా నా ప్రాణాలు తోడారు! కళ్లజోడూ, నువ్వు నాకు చెప్పలా?"

కోడలు చటుక్కున అతనికీ జనానికీ అడ్డం నిలబడింది.

"ఆగండి. కొట్టాలంటే తర్వాత కొడదాం, నేనే మొదటి దెబ్బ వేస్తా. ముందిది చెప్పండి. అసలీ మాట ఎక్కడ పుట్టింది?"

"ఎక్కడేంటే? దుప్పటి మాటే కదా," అన్నారు నలుగురైదుగురు.

దుప్పటి మాట అంటే ఆ షెడ్డులో అందరికీ తెలుసు. రోలరు రొదలో అరిచినా వినపడదు. పెద్ద దుప్పటిని ఇద్దరు చెరో చివరా పట్టుకుని మడతపెడతారు. మడత కలిపేటప్పుడు ఇద్దరూ దగ్గరికొస్తారు, చెవీ నోరూ కలుస్తాయి. ఆ క్షణంలో ఒక ముక్క చెప్పుకుంటారు. మళ్లీ దూరం జరుగుతారు. మళ్లీ కలిసినప్పుడు రెండో ముక్క. జంట మారితే కబురు పక్క బల్లకి పాకుతుంది. కడుపొచ్చిన సంగతీ, మొగుడు తన్నిన సంగతీ, సమ్మె కబురూ అన్నీ అలాగే నడిచాయి. మేనేజరు చెయ్యి ఏనాడూ దుప్పటి మీద పడదు. అందుకే ఆ షెడ్డులో ఒక నమ్మకం పాతుకుపోయింది. దుప్పటి మీద వచ్చిన మాట మన మాట. దాన్ని నీకెవరు చెప్పారని ఇంతవరకూ ఏ ఒక్కరూ ఏ ఒక్కరినీ అడగలేదు.

ఆ రోజు కోడలు అడిగింది.

"కళ్లజోడక్కా, నీకెవరు చెప్పారు?"

కళ్లజోడు అద్దాలు పైకి తోసుకుంది. "బొద్దక్క. నాకు బాగా గుర్తు. ఆ రోజు నా కాలు తొక్కి మరీ చెప్పింది."

"నీ కాలు ఎక్కడుందో నాకేం కనిపిస్తుందే, నా పొట్ట అడ్డం," అంది బొద్దక్క. ఉద్రిక్తతలోనే జనం గొల్లుమన్నారు. "సరే సరే, చెప్పింది నేనే. నాకు చెప్పింది కొత్త పెళ్లికూతురు."

కొత్త పెళ్లికూతురికి పెళ్లీడుకొచ్చిన కూతురుంది. చేరిన కొత్తలో పెట్టిన పేరు ఊడలేదు. ఆమె పని గూడ్సు గట్టు దగ్గర, వ్యాన్లోంచి మాసిన మూటలు దించి విప్పడం.

"ఇదేం విచారణమ్మా, దాగుడుమూతలా?" ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. కానీ లేవలేదు. పక్కన మేనేజరు మొహం మారడం ఆయనా గమనించాడు. మేనేజరు గార్డుని పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. గార్డు పరుగున బయటికెళ్లాడు.

"ఒక్కటి నాకిప్పుడు తడుతోంది," అంది కళ్లజోడు మెల్లగా. "మనలో సగం మందిమి అత్త వెనకాలే చేరినవాళ్లమే కదే. ఈ నాలుగేళ్లూ నిండు షిఫ్టు చేసుంటే ఆ సగం మందికీ ఈపాటికి ఇరవై నిండేవి. సరిగ్గా అప్పుడే ఎలా ఊడిపడిందే ఈ మాట?"

 కోడలు కొత్త పెళ్లికూతురి ముందుకెళ్లి నిలబడింది.

"పిన్నీ, నీకెవరు చెప్పారు?"

కొత్త పెళ్లికూతురు తల దించుకుంది. "నన్ను అడక్కే."

"అడుగుతున్నా."

"నీ మంచికే చెప్తున్నా తల్లీ, నన్ను వదిలెయ్. మరిచిపోయాననుకో."

"మరిచిపోలేదు పిన్నీ. నీ మొహం చూస్తే తెలుస్తోంది. అత్తకి రేపట్నుంచి పొయ్యి మీదికి ఏం లేదు. రేపు నీకూ లేదు. చెప్పు."

సరిగ్గా అప్పుడే బయట వ్యాను ఇంజను స్టార్టయింది. ఆ శబ్దం వినగానే కొత్త పెళ్లికూతురు ఉలిక్కిపడి గూడ్సు గట్టు వైపు చూసింది. కోడలూ అటే చూసింది.  ఆ బండి దడదడ ఆమెకు నిద్రలో కూడా తెలుసు.

"మీ ఆయనే," అంది కొత్త పెళ్లికూతురు. "మూటలు దించాక పెద్ద గుడ్డ మడతపెట్టడానికి రోజూ రెండో చివర అతనే పట్టుకుంటాడుగా. అప్పుడు చెప్పాడు. మన మనిషే కదా అని నేను బొద్దక్కకి అందించా."

షెడ్డంతా కోడలి వంక తిరిగింది. ఆమె డ్రైవరు పెళ్లాం. డ్రైవరు అత్త కొడుకు. గుట్టంతా వీళ్లింట్లోనే దాగుందని జనం గుసగుసలాడారు. "ఇంకేం, ఇక్కడితో ఆపుతుంది చూడు," అని ఎవరో అన్నారు.

కోడలు ఆపలేదు. పరుగెత్తింది.

ఇస్త్రీ దుప్పట్లు నింపిన వ్యాను గట్టు వదిలి ఆవరణలోకి మళ్లింది. కానిస్టేబుళ్లు గేటు రెక్కలు బార్లా తెరుస్తున్నారు. అది దాటిందంటే హోటళ్ల పరుపులు సిద్ధం, సమ్మె నీరుగారినట్టే. కోడలు అడ్డదారిన తడి బట్టల తీగల కింద నుంచి దూసుకెళ్లి బండి ముందు నిలబడింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. బంపరు ఆమె మోకాళ్లకి జానెడు దూరంలో ఆగింది.

వెనకాలే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. "జరుగు. లేకపోతే బండి నీ మీంచి పోతుంది."

"పోనివ్వండి సార్. డ్రైవరు నా మొగుడే. ఇంట్లో నా మాట తొక్కడం అలవాటే, ఇవాళ మనిషిని తొక్కుతాడు, అంతే తేడా!"

జనం వచ్చేశారు. ఆమె పక్కన బొద్దక్క నిలబడింది. "నా మీంచి ఎక్కించాలంటే ఫస్టు గేరు చాలదయ్యా," అంది డ్రైవరుతో. కళ్లజోడు, కొత్త పెళ్లికూతురు, చొక్కా చిరిగిన మైకన్న, ఉదయంవాళ్లు, మధ్యాహ్నంవాళ్లు. బండి చుట్టూ గోడ కట్టినట్టయింది. నాలుగేళ్లుగా తలుపు దగ్గర ఎదురుపడి పలకరించుకోవడమే తప్ప వాళ్లంతా ఒకే చోట నిలబడింది లేదు.

"డ్రైవర్! బండి తియ్!" మేనేజరు మెట్ల మీంచి అరిచాడు.

డ్రైవరు ఇంజను ఆపాడు. దిగాడు. 

"ద్రోహీ!" ఒక రాయి వచ్చి వ్యాను తలుపుకి తగిలింది. "కన్నతల్లి నోటి కాడ కూడు లాగేశావు కదరా!"

"రాయి వేసినవాళ్లు కాసేపు చేతులు కట్టుకోండి!" కోడలు గర్జించింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.  అందరినీ అడిగినట్టే అడిగింది.

"నీకెవరు చెప్పారు?"

"ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఇంట్లో నువ్వు నాకు చెప్పలేదు. గట్టు మీద చెప్పావు. గట్టు మీదే అడుగుతున్నా. నీకెవరు చెప్పారు?"

అతను పెదాలు తడుపుకున్నాడు. "అమ్మ కోసమే చేశా. తీసేసే వాళ్లలో అమ్మ పేరే మొదట ఉందన్నారు. వయసైపోయింది కదా, ముందు ఆవిడ్నే పంపిస్తామన్నారు. అందరూ అర షిఫ్టుకి ఒప్పుకుంటే ఎవర్నీ తియ్యమన్నారు. మా నోటితో చెప్తే వీళ్లు వినరు, నువ్వు చెప్పు, వాళ్ల మాటలాగే పాకించు అన్నారు. పెన్షన్ సంగతి నాకేం తెలుసు? అమ్మ కూలి నిలబెట్టాననుకున్నా..."

"అన్నారు, అన్నారు, అన్నారు!" కోడలు అడుగు ముందుకేసింది. "ఎవరన్నారయ్యా? గాలా? గోడా? అందరివీ సగం చేసి నీ షిఫ్టు నిండుగా ఉంచిందెవరు?"

లేబర్ ఆఫీసరు అప్పటికి అక్కడికి వచ్చాడు. "మనిషెవరో చెప్పాలి. అన్నారంటే నాకు చాలదు. మీరు చెప్పే మనిషి యాజమాన్యం తరఫువాడైతే, షిఫ్టు వాళ్లే తగ్గించినట్టు. చెప్పకపోతే వీళ్లే అడిగినట్టు. ఇక నా చేతుల్లో ఏం లేదు."

"జాగ్రత్త," అన్నాడు ఇన్‌స్పెక్టరు డ్రైవరు భుజం మీద చెయ్యేసి, ఏదో స్నేహితుడిలా. "నోటికొచ్చిన పేరు వాగితే లోపలేస్తా. ఉద్యోగం, లైసెన్సు, అన్నీ పోతాయి. నువ్వు తెలివైనవాడివి."

డ్రైవరు తల ఇంకా కిందికి వాలింది. ఆ తల వాలడం చూసి జనంలో ఒక నిట్టూర్పు లేచింది. అయిపోయింది, వీడు నోరు విప్పడు అనుకున్నారు.

జనం పాయలుగా విడిపోయి దారిచ్చారు. అత్త వస్తోంది. అరచేతులకి ఎవరో తెల్ల గుడ్డ చుట్టారు. వచ్చి కొడుకు ముందు నిలబడింది. అతని గుండెల దాకా కూడా రాదు మనిషి.

"కాస్త వంగరా," అంది. "నీ చెంప అందట్లేదు."

అతను వంగాడు. ఆమె కట్టు చేత్తోనే లెంపకాయ కొట్టింది. దెబ్బకి కొడుకు కంటే ఆమెకే ఎక్కువ నొప్పి పుట్టింది.

"ఇది నన్ను అడక్కుండా నన్ను కాపాడినందుకు," అంది. "తీసేస్తే తీసేసేవాళ్లు. నేను గేటు ముందు కూర్చునేదాన్ని, వీళ్లంతా నా పక్కన కూర్చునేవాళ్లు. నాకు దక్కాల్సిన కొట్లాట కూడా నువ్వే అమ్మేశావు. చూడు వీళ్లని. రేపు వీళ్లలో ఎవరైనా నీరసించి రోలరు ముందు పడిపోతే, ఏ మొహం పెట్టుకుని లేపుతావు? పెద్దమనిషి కొట్టుకెళ్లిన సొమ్ముకి నువ్వెందుకురా కాపలా?"

అతను కన్నీళ్లు తుడుచుకోలేదు. భుజం మీది ఇన్‌స్పెక్టరు చేతిని తీసి పక్కన పెట్టాడు. వ్యాను మెట్టెక్కాడు. అక్కణ్నుంచి షెడ్డూ, గేటూ, ఆఫీసు మెట్లూ అన్నీ కనిపిస్తాయి. మెట్ల మీద మేనేజరు గాజు తలుపు వైపు వెనక్కి అడుగేస్తున్నాడు.

"నా బండిలో నా పక్క సీట్లో కూర్చుని చెప్పాడు," అన్నాడు డ్రైవరు. అతని గొంతు ఆవరణ దద్దరిల్లేలా లేచింది. "మా అమ్మ పేరు మొదట ఉందని చెప్పాడు. మాట పాకించమని చెప్పాడు. చేతులెత్తే రోజు పైకి వద్దంటాను, మీరు పట్టు పట్టండి అని కూడా చెప్పాడు. ఆఫీసరుగారూ, రాసుకోండి. అర షిఫ్టు మేం అడగలేదు. మా చేత అడిగించింది వాడు, ఆ తలుపు చాటుకి పారిపోతున్నాడే, వాడు! మేనేజరు!"